అడగని ప్రశ్నలకి నిరుటి జవాబులు

వద్దని చెప్పిన ఇంటి ఇన్సూరెన్సు మళ్ళీ మొదలైన సంగతి మాకు బ్యాంకు యాప్‌లో తెలిసింది. కొత్త కంపెనీకి కట్టాల్సింది అప్పటికే కట్టేశాం. పాత కంపెనీవాళ్ళు కూడా వాళ్ళ లెక్క ప్రకారం తీసేసుకున్నారు. ఒకే ఇల్లు, రెండు పాలసీలు. రెండుంటే రెండు చోట్లా పరిహారం వస్తుందేమోనని ఎవరైనా ఆశపడితే, అదేం లేదు. నష్టం ఎంతో అంతే వస్తుంది, అదీ కంపెనీలు రెండూ పంచుకుంటాయి. రెండో ప్రీమియం గంగలో పోసినట్టే.

నేను గడువు ఉండగానే ఫోన్ చేసి మరీ చెప్పాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, "మీకు ఎంతైతే కుదురుతుందో చెప్పండి, మేనేజర్ని అడిగి చూస్తాను" అంది. అక్కర్లేదండీ, రెన్యూ చెయ్యకండి చాలు అన్నాను. "సరే, నోట్ చేసుకున్నాను" అంది. డబ్బు పోయాక మళ్ళీ ఫోన్ చేస్తే ఇంకొకతను ఎత్తి, ఆ నోట్ నాకే చదివి వినిపించాడు. అందులో ఉన్నది "కస్టమరు ధర పట్ల అసంతృప్తిగా ఉన్నారు" అని మాత్రమే! ఆ రోజు కాల్ రికార్డింగు తీసి వినండి బాబూ, అప్పుడు మాట్లాడదాం అన్నాను. విన్నారు. ఫీజు లేకుండా మొత్తం వెనక్కిచ్చారు.

డబ్బు తిరిగొచ్చింది కాబట్టి ఆ కంపెనీ మీద ఏడవడానికి రాయట్లేదు. ఆ గొడవలో ఉండగా పాత కంపెనీ పంపిన కాగితాలు ఒక్కొక్కటే చదవాల్సి వచ్చింది. చదివేకొద్దీ, గడువు తీరగానే పాలసీ దానంతటదే ఇంకో ఏడాదికి సాగే ఈ ఆటో రెన్యువల్ గురించి మనం ఇన్నేళ్ళూ తప్పు చివర పట్టుకుని లాగుతున్నామేమో అనిపించింది. అందరం ధర గురించే పోట్లాడుతున్నాం.

ధర గొడవ సగం తీరిందనే చెప్పాలి

ఇక్కడ బ్రిటన్‌లో ఆ పోట్లాటకి ఫలితం కూడా వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి రెన్యువల్ ఉత్తరంలో నిరుటి ప్రీమియం ఎంతో పక్కన చూపించి తీరాలి. 2018 సెప్టెంబరులో, జనానికి ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ, మొబైల్, బ్రాడ్‌బ్యాండ్, సేవింగ్స్ ఖాతాలు, మార్ట్‌గేజ్, ఇంటి ఇన్సూరెన్సు, ఈ ఐదింటిలో ఒకే కంపెనీని అంటిపెట్టుకున్న పాపానికి జనం ఏడాదికి 410 కోట్ల పౌండ్లు ఎక్కువ కడుతున్నారని ఫిర్యాదు చేసింది. తర్వాత ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ తన సొంత లెక్క తీసింది. ఇల్లు, కారు ఇన్సూరెన్సుల్లో 60 లక్షల మంది పాత కస్టమర్లు ఎక్కువ ధర కడుతున్నారని, వాళ్ళకి సగటు ధర వేసి ఉంటే 2018 ఒక్క ఏడాదిలోనే 120 కోట్ల పౌండ్లు మిగిలేవని తేల్చింది. కొత్తవాళ్ళని చవగ్గా రప్పించడం, వచ్చాక ఏటా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం, ఇదీ వ్యాపారం.

2022 జనవరి 1 నుంచి దాన్ని ఆపేశారు. అదే దారిలో వచ్చే కొత్త కస్టమరుకి ఏ ధర చెప్తారో, పాత కస్టమరుకి అంతకన్నా ఎక్కువ చెప్పకూడదు. ఆటో రెన్యువల్ వద్దనుకుంటే తీయించుకునే మార్గాలు కూడా సులువుగా ఉండాలన్నారు. ఇందులో "అదే దారిలో" అన్న ముక్క ముఖ్యం. మీరు కంపెనీ వెబ్‌సైటులో కొని ఉంటే పోల్చేది ఆ వెబ్‌సైటు ధరతోనే. ధరలు పోల్చే సైట్లలో అదే కంపెనీ ఇంకో రేటు చూపించొచ్చు. పక్క కంపెనీ ఇంకా తక్కువకి ఇవ్వొచ్చు. అందుకే సగం తీరిందన్నాను. అయినా అంతకుముందుతో పోలిస్తే చాలా నయం.

మరి ధర న్యాయంగా ఉంటే ఆటో రెన్యువల్‌తో నాకేం పేచీ?

మొదటి పేజీ, రెండో పేజీ

రెన్యువల్ ఉత్తరం ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఈ ఏటి ప్రీమియం, పక్కన నిరుటిది. దాని కింద కాస్త ముద్దు చేస్తున్నట్టుగా ఒక వాక్యం ఉంటుంది: మీరేమీ చెయ్యక్కర్లేదు, అంతా మేమే చూసుకుంటాం.

పేజీ తిప్పండి. అక్కడ చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. మీరు మాకు చెప్పిన వివరాలు ఇవీ అని. కప్పు దేనితో వేసింది, వీధి తలుపుకి ఏ రకం తాళం, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎప్పుడైనా ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటుందా, ఇంట్లోంచి వ్యాపారం ఏమైనా చేస్తున్నారా, గత ఐదేళ్ళలో క్లెయిములున్నాయా, విలువైన వస్తువులు ఎంతవి. చివర్లో, వీటిలో ఏదైనా తప్పుంటే వెంటనే చెప్పండి, లేకపోతే మీ క్లెయిముకి ఇబ్బంది రావచ్చు అని హెచ్చరిక.

ఏమీ చెయ్యక్కర్లేదని ముందు పేజీ, అన్నీ సరిచూసుకోమని వెనక పేజీ. ఈ రెండు వాక్యాలూ ఒకే కాగితానికి అటూ ఇటూ ఉన్నాయి. జనం ఏ పేజీ మాట వింటారో కంపెనీలకి తెలియదని నేననుకోను.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. కన్స్యూమర్ ఇన్సూరెన్స్ చట్టం 2012లో వచ్చింది. మంచి చట్టమే. అంతకుముందు, కంపెనీ అడక్కపోయినా ముఖ్యమైన విషయాలన్నీ మనమే ఊహించి చెప్పాలనే నియమం ఉండేది, దాన్ని తీసేసింది. అడిగిన దానికి జాగ్రత్తగా, నిజంగా జవాబు చెప్తే చాలు. కానీ అదే చట్టంలో ఇంకో మాట ఉంది. ఇదివరకు చెప్పిన వివరాలు సరేనా, ఏమైనా మారాయా అని కంపెనీ అడిగినప్పుడు మనం పలక్కపోతే, ఆ పలక్కపోవడం కూడా తప్పుడు సమాచారం కిందికి రావచ్చు. కావాలని చేశామని తేలితే పాలసీయే లేనట్టు. అజాగ్రత్త అయితే, నిజం తెలిస్తే ఎంత ప్రీమియం వేసేవాళ్ళో లెక్కగట్టి, ఆ నిష్పత్తిలో క్లెయిము కోస్తారు.

అంటే నేను ఉత్తరం విప్పకుండా డ్రాయర్లో పడేసిన రోజున, కంపెనీ ఉద్దేశంలో నేను ఆ పట్టికలోని ప్రతి ప్రశ్నకీ మళ్ళీ జవాబు చెప్పేసినట్టు. నిరుడు చెప్పిందే, ఒక్క అక్షరం మార్చకుండా. నా ఖాతాలోంచి డబ్బు తీసుకోవడం కన్నా నాకు ఇదే ఎక్కువ అభ్యంతరం. డబ్బు తీస్తే ఖాతాలో కనపడుతుంది, పోట్లాడొచ్చు. నా పేరు మీద చెల్లిపోయిన జవాబులు పైపు పగిలేదాకా కనపడవు.

మన ఇళ్ళలో మారేవి

ఇంట్లో పెద్దగా ఏం మారుతుందిలే అనుకుంటాం. మన వాళ్ళ ఇళ్ళలో ఏడాదికేడాది మారేవే ఎక్కువ.

వేసవి సెలవులకి ఇండియా వెళ్తాం. పెళ్ళో, నాన్నగారి ఆపరేషనో తగిలితే రెండు నెలలు దాటుతుంది. చాలా పాలసీల్లో ఇల్లు వరసగా 30 రోజులు, కొన్నింట్లో 60 రోజులు ఖాళీగా ఉంటే దొంగతనానికీ, పైపు లీకులకీ కవర్ ఆగిపోతుంది. పాలసీ కొన్నప్పుడు పిల్లల బడి వల్ల మూడు వారాలకి మించి కదలలేని కుటుంబం, ఐదేళ్ళ తర్వాత అలాగే ఉంటుందా? పిల్లలు యూనివర్సిటీకి వెళ్ళిపోతారు, వీళ్ళు సంక్రాంతికి వెళ్ళి ఉగాదికి వస్తారు. పట్టికలో మాత్రం "ఇల్లు ఖాళీగా ఉండదు" అనే ఉంటుంది.

బంగారం సంగతి చెప్పక్కర్లేదు. వస్తువులకి తీసుకునే పాలసీలో ఒక్కో వస్తువుకి పరిమితి ఉంటుంది, తరచుగా 1,500 పౌండ్లో 2,000 పౌండ్లో. అంతకు మించిన వస్తువుని విడిగా రాయించాలి. విలువైనవన్నీ కలిపి ఇంకో పరిమితి. ఆరేళ్ళ క్రితం ఒక జత గాజులు ఆ పరిమితిలో హాయిగా ఇమిడి ఉండొచ్చు. ఇప్పటి బంగారం ధరకి అవే గాజులు పరిమితి దాటిపోతాయి. గాజులు బీరువాలోంచి కదల్లేదు, కానీ పట్టికలో రాసింది అబద్ధమైపోయింది. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకి బాగా తెలుసు. పోలీసులు పండగల ముందు హెచ్చరికలు కూడా చేస్తుంటారు.

మా స్నేహితులు ఒకరు స్లౌ అనే ఊళ్ళో ఉంటారు. హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన తెలిసినవాళ్ళ అబ్బాయికి పై గది అద్దెకిచ్చారు. ఊరికే ఉండమంటే ఆ అబ్బాయే ఒప్పుకోలేదు, నెలనెలా ఎంతో ఇచ్చేవాడు. ఒకరోజు బాత్రూం పైపు లీకై కింద హాల్లో సీలింగు ఊడిపడింది. కంపెనీ పంపించిన మనిషి వచ్చి ఫొటోలు తీసుకుని, కాఫీ తాగి, వెళ్ళబోతూ మాటల్లో అడిగినట్టు అడిగాడట, పైన ఎవరుంటారని. అద్దెకుంటున్న కుర్రాడని వీళ్ళు నిజమే చెప్పారు. పట్టికలో "కుటుంబసభ్యులు మాత్రమే" అని ఉంది. అది ఆ అబ్బాయి రాకముందు రాసింది. తర్వాత ఒకసారి పాలసీ దానంతటదే రెన్యూ అయింది. అద్దెకున్నవాళ్ళు ఉంటే ప్రీమియం ఇంకా ఎక్కువ వేసేవాళ్ళమని చెప్పి క్లెయిములో కోత పెట్టారు. ఆ దంపతులు ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఆ ప్రశ్న తమని మళ్ళీ అడిగారన్న సంగతే వాళ్ళకి తెలియదు.

ఇది నాకు తెలిసిన ఇన్సూరెన్సు ఉద్యోగి ఒకతనికి చెప్పాను. మా మరిది స్నేహితుడు, క్లెయిముల విభాగంలోనే పనిచేస్తాడు. నా వాదనంతా విని నవ్వాడు. "వదినా, మీరు అడుగుతున్నది మీకే ఎదురు తిరుగుతుంది" అన్నాడు. అతను చెప్పింది ఇదీ: ఇప్పుడు ఉత్తరంలో ప్రశ్న అస్పష్టంగా ఉంటే, వివరాలు చూసుకోమని గాలికి ఒక మాట అని వదిలేస్తే, కస్టమరు ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళి నన్ను సరిగ్గా అడగలేదని గెలిచే అవకాశం ఉంది. అదే ప్రతి ఏడూ సూటిగా అడిగి, టిక్కు పెట్టించుకుంటే? జనం చదవకుండా అవును, అవును, అవును అని నొక్కేస్తారు. అప్పుడు అజాగ్రత్తని రుజువు చెయ్యడం కంపెనీకి ఇంకా తేలిక. "ఇప్పుడున్న గజిబిజే మీకు రక్ష" అన్నాడు.

ఈ మాట నన్ను చాలా రోజులు తినేసింది. కాదనలేను. కాకపోతే ఆ గజిబిజి వల్ల మేలు జరిగేది ఆంబుడ్స్‌మన్ దాకా వెళ్ళేవాళ్ళకే. స్లౌ స్నేహితులు వెళ్ళలేదు. ఇచ్చింది పుచ్చుకుని సీలింగు వేయించుకున్నారు. ఎక్కువమంది చేసేది అదే. పోట్లాడేవాడికి మాత్రమే పనికొచ్చే రక్షణ కోసం మిగతావాళ్ళందర్నీ చీకట్లో ఉంచడం నాకు సబబుగా తోచదు.

డాక్టరు గారి ఫైలు

దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకో చోట ఎదురైంది. మాకు బాగా దగ్గరి డాక్టరు గారొకరున్నారు. గుంటూరులో చదువుకుని, డెబ్బైల్లో ఇక్కడికి వచ్చి, ఇక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇంటి కాగితాలన్నీ ఒక ఫైల్లో సంవత్సరాల వారీగా పెట్టుకుంటారు. అందులో ఇన్సూరెన్సు ఉత్తరాలు చూస్తే అన్నీ ఒకే కంపెనీవి. ప్రతి దాని మీదా నీలం ఇంకుతో వచ్చిన తేదీ, కింద పొడి సంతకం.

ఆటో రెన్యువల్ తీయించేద్దామా అంటే ఆయన తల అడ్డంగా ఊపారు. "నువ్వు చెప్పేది నాకు బాగానే ఉంటుంది అమ్మాయ్. నేను ఉత్తరం చదువుతాను, ఫోన్ చేస్తాను. నేను లేకపోతే మీ ఆంటీ ఆ కవరు విప్పుతుందా? అది దానంతటదే రెన్యూ అయిపోవాలి. ఓ వంద పౌండ్లు ఎక్కువ పోతే పోనీ. ఇల్లు కాలిపోయినప్పుడు ఇన్సూరెన్సు లేదని తెలియడం కన్నా నయం కదా."

లోపల్నుంచి ఆంటీ, "నేను విప్పను గాక విప్పను, ఆ గొడవలన్నీ ఆయనవే" అన్నారు.

ఆటో రెన్యువల్‌ని పూర్తిగా రద్దు చెయ్యాలనేవాళ్ళు ఈ ఇంటిని గుర్తుపెట్టుకోవాలి. జబ్బుతో ఉన్నవాళ్ళు, మతిమరుపు మొదలైనవాళ్ళు, ఇంగ్లీషు ఉత్తరాలు చదవలేని అమ్మమ్మలు, భర్త పోయాక ఆర్నెల్లపాటు పోస్టు ముట్టుకోనివాళ్ళు, వీళ్ళందరి కవర్ ఒక్క తేదీ దాటగానే పోతుంది. ఇల్లు అప్పు మీద ఉంటే గోడలకీ కప్పుకీ ఇన్సూరెన్సు ఉండాలన్నది అప్పిచ్చినవాళ్ళ షరతు కూడా. వంద పౌండ్ల విషయంలో డాక్టరు గారితో నాకు తగాదా లేదు. కానీ ఆయన మాటలో ఒక చిక్కుంది. ఆయన తర్వాత ఆంటీ ఏడాదిలో సగం హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉంటే, ఇల్లు ఖాళీగా ఉంటుంది, పాలసీ ఏటా రెన్యూ అవుతూనే ఉంటుంది, పట్టికలో పాత జవాబే ఉంటుంది. ఆవిడ దగ్గర ఇన్సూరెన్సు కాగితం ఉంటుంది గానీ, కాపాడాల్సిన రోజున అది నిలబడుతుందా?

ఇది అడిగితే ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కూతురి పేరు పాలసీ మీద మాట్లాడే హక్కున్న మనిషిగా రాయించడానికి ఫోన్ చేయించారు. ఆటో రెన్యువల్ మాత్రం అలాగే ఉంచుకున్నారు.

డబ్బు సరే, జవాబులు వద్దు

కవర్ దానంతటదే కొనసాగడం వేరు, ఏడాది ఒప్పందం దానంతటదే పుట్టడం వేరు. మొదటిది నాకు సమ్మతమే. గడువు తేదీ దాటినా ఒక నెలో, ఆరు వారాలో అవే షరతులతో కవర్ నడవనివ్వండి, ఆ రోజులకి డబ్బు తీసుకోండి. ఆ లోపు మనిషి చేత ఓ నాలుగైదు ప్రశ్నలకి జవాబు చెప్పించండి. ఎవరుంటున్నారు, ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది, విలువైనవి ఎంత, ఇల్లు ఏమైనా మార్చారా. జవాబు వస్తేనే ఏడాది పాలసీ. రాకపోతే ఉత్తరం మీద ఉత్తరం కాకుండా ఫోన్ చెయ్యండి, రాసిపెట్టిన కూతురికో కొడుక్కో చెయ్యండి. ప్రీమియం తీసుకోవడానికి చూపించే శ్రద్ధలో పావు వంతు చాలు.

కంపెనీలకి ఖర్చవుతుందంటారు. అవుతుంది. ఆ ఖర్చు మళ్ళీ మన ప్రీమియంలోనే పడుతుందని కూడా తెలుసు. ఇప్పటికే 12 శాతం పన్ను కడుతున్నాం దాని మీద. స్లౌలో కోత పడిన క్లెయిముతో పోలిస్తే నేను ఆ తేడా ఇచ్చుకుంటాను.

మన దేశంలో పరిస్థితి ఇంకోలా ఉంది. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి కార్డుల మీదా, యూపీఐ మీదా వచ్చే ఆటో పేమెంట్లకి 24 గంటల ముందే మెసేజ్ పంపాలనీ, ఆ ఒక్క చెల్లింపుని ఆపుకునే వీలుండాలనీ పెట్టింది. ఇక్కడివాళ్ళు చూసి నేర్చుకోవాల్సిన విషయం. కానీ అది కూడా డబ్బు కదలడం గురించే. ప్రభుత్వ ప్రమాద బీమా అయిన సురక్షా బీమా యోజన కింద ఏటా మే నెలాఖర్లో ₹20 కట్ అయినట్టు మా అమ్మకి మెసేజ్ వస్తుంది. నామినీ ఎవరో ఆ మెసేజ్ ఎప్పుడూ అడగలేదు.

వదిలించుకోవాలంటే

ఇంత చదివాక, సరే, మాకు వద్దు, ఎలా తీయించాలి అని అడిగేవాళ్ళకి. ఫోన్లో చెప్పినా, వెంటనే ఒక ఈమెయిల్ కూడా పెట్టండి. పాలసీ నంబరు, "ఆటో రెన్యువల్ తీసేయండి, ఫలానా తేదీ తర్వాత ఈ పాలసీ నాకు వద్దు, తీసేసినట్టు రాసి పంపండి" అని అంతే. ధర గురించి ఒక్క మాట రాయకండి. రాస్తే బేరం మొదలవుతుంది. గడువు వచ్చేదాకా ఆగక్కర్లేదు, పాలసీ నడుస్తున్నప్పుడు ఎప్పుడైనా చెప్పొచ్చు.

అప్పటికే రెన్యూ అయిపోయి ఉంటే, కాగితాలు అందినప్పట్నుంచి 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కుంది. గడిచిన రోజులకి పట్టుకుని మిగతాది ఇస్తారు, కొందరు ఫీజు కూడా వేస్తారు. మీరు ముందే వద్దన్నారన్న రుజువుంటే ఆ ఫీజు ఒప్పుకోకండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఖర్చేమీ ఉండదు.

మనవాళ్ళు ఎక్కువగా చేసే పని డైరెక్ట్ డెబిట్, అంటే కంపెనీ మన ఖాతాలోంచి తనే డబ్బు తీసుకునే ఏర్పాటు, కట్ చేసి ఊరుకోవడం. అది చెయ్యకండి. మీ బ్యాంకు డబ్బు ఆపుతుంది, ఒప్పందం ఆగదు. కంపెనీ దృష్టిలో మీరు వాయిదా ఎగ్గొట్టినట్టు. చివరికి వాళ్ళే పాలసీ రద్దు చేస్తే, ఇంతకుముందు ఏ కంపెనీ అయినా మీ పాలసీ రద్దు చేసిందా అని తర్వాత కొనే ప్రతి చోటా అడుగుతారు, అవునని చెప్పాల్సి ఉంటుంది, ప్రీమియం పెరుగుతుంది. ముందు పాలసీ రద్దయినట్టు కాగితం చేతికి రానివ్వండి, ఆ తర్వాత డెబిట్ ఆపండి.

మా ఇంటి పాలసీకి ఆటో రెన్యువల్ తీయించేశాను. కారుకి మాత్రం ఉంచాను, మా ఆయన ఎంత వెక్కిరించినా సరే. ఇన్సూరెన్సు లేకుండా కారు నడుపుతూ దొరికితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పెనాల్టీ పాయింట్లు. మా అబ్బాయికి లైసెన్సు వచ్చి ఇంకా రెండేళ్ళు కాలేదు, ఆ ఆరు పాయింట్లతో వాడి లైసెన్సే పోతుంది. కారు ఉత్తరం వచ్చినప్పుడు రెండో పేజీ వాడి చేతే చదివిస్తున్నాను.